పాటల పుస్తకంలో లేని ముగింపు

మా కాలంలో సినిమా పాటల పుస్తకం అరచేతికంటే కాస్త పెద్దదిగా ఉండేది. అట్ట మీద హీరోయిన్ బొమ్మ ఒకే రంగులో అచ్చయ్యేది. మొహం ఎర్రగా ఉంటే చీరా ఎర్రగానే, వెనక చెట్టూ ఎర్రగానే. లోపల మొదటి రెండు పేజీల్లో కథ, ఆ తర్వాత పాటలు, వెనక అట్ట మీద పళ్ళపొడి ప్రకటన. ఆ కథ రాసేవాడెవరో గానీ మహా గడుసువాడు. పెళ్ళి చేసేవాడు, కాపురం పెట్టించేవాడు, చివరకు నిప్పు కూడా పెట్టేవాడు. సరిగ్గా ఇల్లు అంటుకునే వేళకు, ఇక మిగతా కథ వెండితెరపై చూడండి అని చేతులు దులుపుకొని పోయేవాడు.

నాకు తెలిసిన వెండి కాళ్ళ పట్టీలది. తెలిసిన తెర మా అత్తగారి వంటింటి గుమ్మానికి వేలాడే గోనెపట్టా. ఆ రెండింటితోనే మూడేళ్ళపాటు మా పుట్టింటి ఊళ్ళో నేను సినిమాలు ఆడించాను. ఇన్నేళ్ళయినా ఈ వాక్యం రాయడానికి కలం తడబడుతోంది. నా మీద నేను జోకులు వేసుకుంటున్నానంటే సిగ్గు తగ్గిందని కాదు, సిగ్గుపడ్డ మనిషి పైట సర్దుకున్నట్టు అదొక సర్దుబాటు, అంతే.

మా ఊరు బోగోలుకు తూర్పున, సముద్రం హోరు వినపడేంత దగ్గర్లో ఉంది. ఇసక, సరుగుడు తోటలు, లోపలికి వస్తే వరి మళ్ళు. సినిమా చూడాలంటే కావలి పోవాలి. మగవాళ్ళకు కావలిలో ఎప్పుడూ ఏదో ఒక పని ఉండేది. వకీలు పని, ఎరువుల పని, ఆ పని పూర్తయ్యేసరికి పాపం బస్సు దాటిపోయి, వేరే దారి లేక సినిమా హాల్లో కూర్చోవలసి వచ్చేది. ఆడవాళ్ళకు కావలిలో పని ఉండదు. అందుకని చూసొచ్చినవాళ్ళు చెప్పాలి, చూడనివాళ్ళు వినాలి. మగవాళ్ళను అడిగితే బాగుందనో బాగలేదనో ఒక్క ముక్క. అదే ఏ పెళ్ళికో పోయి ఒక ఆడమనిషి సినిమా చూసొచ్చిందంటే, అరిసెలు పంచినట్టు దాన్ని ఇంటింటికీ పంచాల్సిందే.

మధ్యాహ్నాలు మా పంచలో ఆ పంపకం జరిగేది. కాలాన్ని బట్టి చింతపండు గింజలు తీస్తూనో, విత్తనానికి వేరుశనక్కాయలు ఒలుస్తూనో ఏడెనిమిది మంది చుట్టూ కూర్చునేవాళ్ళు. చెప్పేవాళ్ళు మొదటి నుంచి చివరి దాకా చెప్పాలి, పాట వచ్చినచోట పాట పాడాలి, ఏడుపు వచ్చినచోట గొంతు తగ్గించాలి. ముఖ్యంగా చీరల రంగు చెప్పాలి. తెర మీద ఉన్నది తెలుపూ నలుపే అయినా, ఏ రంగు చీరా అని ఎవరో ఒకరు అడగక మానరు. తెలీదంటే సినిమా సరిగ్గా చూడలేదన్నమాట. కాబట్టి అందరూ చీరలకు రంగులు వేసే చెప్పేవాళ్ళు, దాన్ని ఎవరూ అబద్ధం అనేవాళ్ళు కాదు. మిగతావాళ్ళు చీరకు రంగు వేసి ఆగారు. నేను అక్కడ ఆగలేదు.

నన్ను బిట్రగుంట రైల్వే కాలనీకి ఇచ్చారు. మా ఆయన లోకో షెడ్డులో ఫైర్‌మన్. ఇంజనుకు బొగ్గు వేసి వేసి ఇంటికి వచ్చేసరికి కళ్ళూ పళ్ళూ తప్ప తక్కిన మనిషంతా బొగ్గే. స్నానానికి రెండు అండాల నీళ్ళు, ఆ తర్వాత నిద్ర. నిద్రలో ఉండగానే మళ్ళీ డ్యూటీకి పిలుపు. ఆ మనిషిని సినిమాకు తీసుకుపొమ్మని అడగటానికి నాకు నోరు రాలేదు. ఆయన బొగ్గుతో, నేను సిగ్గుతో, అట్లా కాపురం చేశాం. పోనీ ఇరుగుపొరుగుతో పోదామంటే అత్తగారు ఒప్పుకోరు. మా వీధి చివర్లోనే రైల్వే వాళ్ళ క్లబ్బు, ఇన్‌స్టిట్యూట్ అనేవాళ్ళు, ఉండేది, అందులో వారానికి ఒక సినిమా వేసేవాళ్ళు. చీకట్లో మగవాళ్ళ మధ్య కోడలు కూర్చోవడమేమిటని ఆమె అభ్యంతరం. వెలుతురులో వేస్తే పంపేది కాబోలు.

ఆట మొదలయ్యే ముందు గంటసేపు గొట్టం మైకులో రికార్డులు వేసేవాళ్ళు. మా పెరట్లో అంట్లు తోముతూ నేను పాటలన్నీ పట్టేసేదాన్ని. ఏ గొంతు ఎక్కడ తీస్తుందో, మధ్యలో వేణువు ఎప్పుడొస్తుందో నాకు తెలుసు. తర్వాత మైకు ఆగిపోయేది, ఇన్‌స్టిట్యూట్ తలుపులు మూసుకునేవి. లోపల కథ మొదలు, బయట నేను. పాటల పుస్తకాలు మాత్రం మా మరిది కావలి నుంచి తెచ్చిచ్చేవాడు. పుస్తకం కాబట్టి అత్తగారు ఏమీ అనేది కాదు. కోడలు చదువుకుంటోందని ఒకరిద్దరితో గొప్పగా కూడా చెప్పిందట.

పెళ్ళయ్యాక మొదటిసారి పుట్టింటికి పోయినప్పుడు పంచలో నాకోసం చేటలు సిద్ధంగా ఉన్నాయి. బిట్రగుంటలో ఉండి సినిమాలు చూడలేదంటే, సముద్రం పక్కన ఉండి ఉప్పు ఎరగనన్నట్టే. పక్కింటి పెద్దమ్మ, మాకు చుట్టం కాకపోయినా ఊరందరికీ పెద్దమ్మే, ముందుగా అడిగింది. నేను నోరు తెరిచేలోపల, నన్ను చూడటానికి అత్తగారింటి నుంచి వచ్చిన మా అక్క నా తరఫున చెప్పేసింది, దానికేంది, ఇంటి ముందరే సినిమా అని. అక్క కళ్ళల్లో నా కాపురం గురించిన ఆ గొప్ప చూశాక, మా అత్తగారు పోనివ్వరని చెప్పడానికి మనసొప్పలేదు. పాటల పుస్తకంలో చదివింది గుర్తు చేసుకుని మొదలుపెట్టాను. పుస్తకం ఆగినచోట నేను ఆగలేదు. ఎట్లాగో పెళ్ళి చేసి ముగించాను. ఎవరికీ అనుమానం రాలేదు. పాటలు అచ్చం రికార్డులాగా పాడానుగా, పాట నిజమైతే కథ కూడా నిజమే అనుకున్నారు.

ఆ తర్వాత నెలకో రెండు నెలలకో పోయేదాన్ని, పోయినప్పుడల్లా ఒక సినిమా. ముగింపు ఇంటి దగ్గరే కుట్టుకొని, రవికెతో పాటు పెట్టెలో సర్దుకొని పోయేదాన్ని. బాగా చెబుతున్నానా లేదా అన్నది కాయలు చెప్పేవి. వేరుశనక్కాయలు ఒలిచేటప్పుడు టప్పు టప్పుమని ఆగకుండా ఒక చప్పుడు ఉంటుంది. కథ మంచి పట్టులో పడితే ఆ చప్పుడు ఒక్కొక్కరి దగ్గరే తగ్గుతూ వచ్చి ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దానికి నేను అలవాటు పడ్డాను. కల్లుకు అలవాటు పడ్డవాణ్ణి ఊళ్ళో తిట్టేవాళ్ళు, నన్ను ఇంకో కథ చెప్పమనేవాళ్ళు. అంతే తేడా.

మా అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్ద. నాకు పాట పట్టుకోవడం వచ్చు, ఆమెకు పాడటం వచ్చు. ఆమెను కలిగిరి పక్కన ఒక మెట్ట ఊరికి ఇచ్చారు. బావ మంచి రైతు, మాట తక్కువ. కాకపోతే ఆయన పలుకు పలుగులాంటిది, పడితే దిగుతుంది. ఒకసారి చేలో వేరుశనగ పీకుతున్నారు. కూలివాళ్ళకు అన్నం తీసుకుపోయిన అక్క, వడ్డిస్తూ వడ్డిస్తూ అలవాటుగా ఒక సినిమా పాట అందుకుంది. కూలివాళ్ళు ముద్ద పక్కన పెట్టి విన్నారు. గట్టు మీద నుంచి బావ ఒక్క మాటన్నాడు, ఇది చేనా, సినిమా హాలా, నోరు మూసుకొని కూడు పెట్టు అని. అక్క గంప అక్కడే దించి, కట్టుకున్న చీరతో మా ఇంటికి వచ్చేసింది.

ఒక్క మాటకేనా అని అందరూ అడిగారు. ఆ ఒక్క మాట ఇరవైమంది విన్నారని అక్క సమాధానం. పిలవడానికి బావ రాలేదు. పిలవకుండా అక్క పోలేదు. ఆరు నెలలు గడిచాయి. కోపం అంతసేపు నిలబడలేదు, మెల్లగా కూర్చుంది, తర్వాత పడుకుంది. ఆ నెల నేను పుట్టింటికి పోయేసరికి ముందు గదిలో అక్క ట్రంకుపెట్టె కనపడింది. పైన మడిచిన చీరలు, ఈ ఆరు నెలల్లో అమ్మ కొనిపెట్టినవి. శుక్రవారం బండి కట్టమని తానే చెప్పిందని మా అమ్మ నా చెవిలో సంతోషంగా చెప్పింది. అంటే నాకు తెలుసు. తెలియదని చెప్పుకొనే వీలు నాకు దేవుడు ఉంచలేదు.

ఆ మధ్యాహ్నం నేను చెప్పిన సినిమాలో, పాటల పుస్తకం ప్రకారం, ఒక ఇల్లాలిని భర్త పేరంటంలో నలుగురి ముందూ కించపరుస్తాడు. ఆమె అన్నగారింటికి వెళ్ళిపోతుంది. ఆమె తిరిగి ఆ గడప తొక్కిందా, లేక ఆయన కళ్ళే తెరుచుకున్నాయా అన్నది వెండితెరకు వదిలేశారు. నేను బిట్రగుంటలో కుట్టుకున్న ముగింపులో ఆమే తిరిగి వెళ్ళిపోతుంది. అదే సులువు, కథకు ఎక్కువ గుడ్డ పట్టదు.

పేరంటం దగ్గరికి వచ్చేసరికి కాయల చప్పుడు ఆగింది. అందరూ నన్ను చూడటం మానేసి అక్కను చూస్తున్నారు. అక్క చేతిలో ఒలవని కాయ ఒకటి అట్లాగే ఉంది. ఆమె నా నోటి వైపు చూస్తోంది, తీర్పు కోసం కోర్టులో నిలబడ్డ మనిషిలాగా. ఆ చూపు ముందు ఆ ఇల్లాలు తనంతట తాను తిరిగి వెళ్ళిందని చెప్పడానికి నాకు నాలుక తిరగలేదు. ఆయనే వచ్చాడని చెప్పాను. జడివానలో, గొడుగు కూడా లేకుండా, ఏ నలుగురి ముందు అన్నాడో ఆ నలుగురి ముందే వచ్చి చేతులు పట్టుకున్నాడని చెప్పాను. వాన గురించి చాలాసేపు చెప్పాను. పెద్దమ్మ కళ్ళు ఒత్తుకుంది. అంత నిశ్శబ్దం నాకు అంతకు ముందు ఎన్నడూ దొరకలేదు.

అక్కను సంతోషపెట్టాలని అట్లా చెప్పానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. కొంత నిజం. అక్క వెళ్ళిపోతే నా కథలకు మొదటి వరస ఖాళీ అవుతుందన్న భయం కూడా ఉండిందేమో. అన్నిటికంటే పెద్ద నిజం ఏమిటంటే ఆ నిశ్శబ్దం కోసం చెప్పాను.

శుక్రవారం బండి వచ్చింది, ఖాళీగా పోయింది. ఆయన్నే రానీ, అంది అక్క. చీరలు పెట్టెలో నుంచి మళ్ళీ దండెం మీదికి ఎక్కాయి.

ఎండాకాలం మొదట్లో నేను మళ్ళీ పోయినప్పుడు, బావ వాళ్ళ ఊరి మనిషి ఒకతను అక్క అత్తగారి దగ్గర నుంచి కబురు తెచ్చాడు. ఆ అత్తగారికి కాళ్ళు పడిపోయి మంచం పట్టిందట. వాడితో నీకు పనిలేదు, నువ్వు నా కోసం రా, నాకు నిన్ను చూడాలనుంది, అని చెప్పి పంపింది. అక్కంటే ఆమెకు ప్రాణం. అక్క పాడితే మంచం వాకిట్లోకి వేయించుకొని వినేదని అక్కే మాకు చెప్పేది.

ఆ మనిషిని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, అక్క నన్ను పెరట్లోకి పిలిచింది.

"ఆ సినిమాలో అత్త ఉండిందా మే?"

పాటల పుస్తకంలో అత్త ఉన్నట్టు నాకు జ్ఞాపకం లేదు. "ఉండింది" అన్నాను.

"రమ్మని కబురంపిందా?"

"అంపింది."

"పొయ్యిందా?"

ఇక్కడ నేను పోయిందని అనొచ్చు. మూడక్షరాల మాట. కాకపోతే అంతకు ముందు నేను చెప్పిన కథలో ఆమె అన్నగారింట్లో ఉండగా వానలో ఆయన వస్తాడు. మధ్యలో అత్త కోసం ఆమె పోయి ఉంటే ఇక ఆయన రావడానికి అన్నగారి గడప ఎక్కడిది, వాన ఎక్కడిది? కథ అతుకు ఊడిపోతుంది. ఆ క్షణంలో నేను ఆలోచించింది అక్క గురించి కాదు, మంచంలో ఉన్న ముసలామె గురించి కాదు, అతుకు గురించి.

"పోలేదు" అన్నాను.

అక్క తల ఊపి లోపలికి వెళ్ళి, ఆ మనిషితో ఏదో మర్యాదగా చెప్పి పంపేసింది. నెల తిరక్కముందే అత్తగారు పోయింది. మట్టి అయిన తర్వాతే మాకు కబురు వచ్చింది. పదకొండో రోజుకు మా నాయన ఒక్కడే వెళ్ళాడు. బావ ఆయనకు కూర్చోమని పీట వేశాడట గానీ మాట్లాడలేదట. అక్కను రమ్మని ఎవరూ అనలేదు, అక్కా పోలేదు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చొని అక్క తినలేదని అమ్మ తర్వాత చెప్పింది. నేను అప్పటికి బిట్రగుంటలో ఉన్నాను, ఇంకో పాటల పుస్తకం చదువుతూ.

మరుసటి ఏడు పంటలు ఇళ్ళకు చేరాక బోగోలు రోడ్డు పక్కన టూరింగ్ టాకీస్ డేరా వేశారు. బండికి రెండు వైపులా బొమ్మలు కట్టి, రేకు గొట్టంలో అరుస్తూ ఊళ్ళు తిరిగారు. ఆ బండి మా వీధిలోకి వచ్చినప్పుడు నేను పుట్టింట్లోనే ఉన్నాను. బొమ్మలో ఉన్న ముఖాన్ని చూశాను. నేను వాన పెట్టి చెప్పిన ఆ పేరంటం కథ పాటల పుస్తకం అట్ట మీద ఎర్రగా ఉన్న ముఖమే, ఇక్కడ నాలుగైదు రంగుల్లో నవ్వుతోంది.

మా ఊరి ఆడవాళ్ళకు డేరా వరమైంది. కావలి పోనక్కరలేదు, బండి కట్టుకొని పోయి మొదటాట చూసి వచ్చేయొచ్చు. మా అమ్మ, పెద్దమ్మ, అక్క, ఇంకో ఇద్దరు ముగ్గురు అప్పుడే చాపలు వెతుకుతున్నారు. ఆపాలని నేను చేయగలిగిందంతా చేశాను. డేరా వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి సినిమా అరిగిపోయి ఉంటుందని, ముక్కలు ముక్కలు కోసేసి అతికిస్తారని, కళ్ళు నొప్పులు వస్తాయని చెప్పాను. మా మరిది ఎప్పుడో అన్న మాటలివి. ఎవరూ వినలేదు. అయితే వినలేదని నేను అనుకున్నాను, అంతే. అందరూ జాగ్రత్తగా విని దాచుకున్నారని తర్వాత తెలిసింది.

డేరాలో ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ మధ్య ఒక తాడు, దాని మీద దుప్పటి. మేం ఇసకలో చాప పరుచుకున్నాం. దీపాలు ఆరాయి. ఇంత భయంలోనూ ఒక సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. నేను జీవితంలో చూస్తున్న మొదటి సినిమా ఇదే. సినిమా చూడటంలో ఊరంతటికీ పెద్దనైన నేను, తెర మీద ఆ మనిషి ముఖం డేరా అంత పెద్దదిగా రాగానే ఉలిక్కిపడి అమ్మ చెయ్యి పట్టుకున్నాను. పెరట్లో అంట్లు తోముతూ పట్టుకున్న పాటలకు ముఖాలు వచ్చాయి. ఒక పాటలో వేణువు దగ్గర ఆ ఇల్లాలు ఊరికే కిటికీలోంచి బయటికి చూస్తుంది. ఆ వేణువు నాకు ఎన్నాళ్ళుగానో తెలుసు గానీ, అది కిటికీ అని తెలియదు. రీలు మార్చడానికి దీపాలు వెలిగించినప్పుడల్లా భయం తిరిగి వచ్చేది, ఆరగానే మరిచిపోయేదాన్ని.

ముగింపులో వాన లేదు. పట్టపగలు. చంకలో మూట పెట్టుకొని ఆ ఇల్లాలు ఒక్కతే నడిచి వస్తుంది. తలుపు ఓరగా వేసి ఉంటుంది. ఎన్నాళ్ళ నుంచో గడియ పెట్టడం లేదన్నది లోపల మంచం మీద చిక్కిపోయి కూర్చున్న భర్తను చూస్తే అర్థమవుతుంది. ఆయన తల ఎత్తి చూసి, ఏమీ అనకుండా మంచం మీద కాస్త జరిగి చోటిస్తాడు. అంతే, దీపాలు వెలిగాయి. నేను వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. ఎంత బాగుంది అది. నా వానకంటే ఎంత బాగుంది.

పక్కన మా ఊరివాళ్ళు కదలకుండా కూర్చున్నారు. నా గుట్టు రట్టయిందని నేను తల వంచుకున్నాను. పెద్దమ్మ లేచి, కొంగు బిగించి, టిక్కెట్లు ఇచ్చే మనిషి దగ్గరికి నేరుగా నడిచింది.

"వాన యాడ పొయ్యింది నాయనా?"

అతనికి అర్థం కాలేదు. ఈ సినిమాలో వాన లేదమ్మా అన్నాడు.

"ఎందుకు లేదు? మా పిల్ల బిట్రగుంటలో నిండుగా చూసింది. ఆయన వానలో తడుస్తా వస్తాడు. ఆ ముక్క కోసేసి మమ్మల్ని తోలేస్తా ఉండారు మీరు. చెప్పు మే."

అందరూ నా వైపు తిరిగారు. అక్క కూడా. అతను నడివయసు మనిషి, చెవిలో బీడీ పెట్టుకొని, చేతిలో చిరిగిన టిక్కెట్ల కట్టతో నా వైపు చూశాడు. నా కళ్ళు ఇంకా తడిగా ఉన్నాయి. వానంటూ ఉంటే ఆ ఒక్కచోటే ఉంది.

"ఉండింది అన్నా" అన్నాను.

అతను నన్ను కాసేపు చూశాడు. అతనికి తెలిసిపోయిందనే ఇప్పటికీ అనుకుంటాను. దినం తప్పకుండా అదే సినిమా చూసే మనిషి. కానీ చేతులు జోడించి, అట్టనా తల్లీ, మాకు వచ్చిన డబ్బాల్లో లేదు, అని మాత్రం అన్నాడు. అంత మర్యాదకు నేను అర్హురాలిని కాదు. మర్నాడు మా ఊరి నుంచి డేరాకు ఒక్క బండి కూడా కదల్లేదు. ముక్కలు కోసే డేరా అని పేరు పడిపోయింది.

బండిలో తిరిగి వస్తుంటే అందరూ నా మాటనే మెచ్చుకున్నారు. అరిగిపోయి ఉంటుందని పిల్ల ముందే చెప్పింది కదా అని ఒకరు, మన ఊరికి వచ్చేసరికి అన్నిటికీ కోతే అని ఒకరు. తెర అబద్ధమైంది, నేను నిజమయ్యాను. గుట్టు బయటపడితే ఎంత సిగ్గో ఊహించుకొని భయపడ్డాను గానీ, గుట్టు నిలిచిపోతే ఇంత సిగ్గుగా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

తెల్లవారి నేను బయలుదేరాను. బిట్రగుంట దాకా నడిచే దారే. నా సంచి పట్టుకొని అక్క రైలు గేటు దాకా వచ్చింది. దారి పొడుగునా ఆమె ఆ సినిమా గురించే మాట్లాడింది. గేటు వేసి ఉంది. గూడ్సు బండి ఒకటి వచ్చేలా ఉంది. గేటు పక్కన సంచి దించి అక్క అంది:

"నువ్వు చెప్పిందే న్యాయంగా ఉండాది. ఆయన రావాల. ఆమెట్టా పోతాది?"

అంటే ఇంకా ఎదురుచూస్తుంది. ఇంకో ఏడాది, ఇంకో రెండేళ్ళు, నా వాన కోసం. కలిగిరి పక్కన మెట్ట ఊళ్ళో వాన సంగతి అందరికీ తెలిసిందే.

"నేను ఆ సినిమా చూడలేదక్కా" అన్నాను. గూడ్సు ఇంకా రాలేదు, ఆ మోతలో దాక్కునే అవకాశం కూడా లేదు. "పాటల పుస్తకం చదివినా. ఆడ ముగింపు రాయరు. వాన నేను పెట్టినా."

అక్క అడిగిన మాట నేను అనుకున్నది కాదు.

"మిగతావి?"

"ఏదీ చూడలా. నిన్న చూసిందే మొదటిది."

"మూడేండ్లలో ఒక్కటి గూడా చూపించలేదా మే నీకు?"

తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. ఆ నిమిషంలో ఆమె తన కాపురం మరిచిపోయి నా కాపురం గురించి బాధపడింది. నా భుజం మీద చెయ్యి కూడా వేసింది. నేను ఏడుపు మొదలుపెట్టాను, అక్క కొంగుతో నా ముఖం తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఆ చెయ్యి ఆగింది. వేరుశనక్కాయ పట్టుకుని ఆగినట్టే ఆగింది.

"అయితే అత్త కబురు..." అని మొదలుపెట్టి, ఆ వాక్యం పూర్తి చేయలేదు.

గూడ్సు వచ్చింది. అది పోయేదాకా ఇద్దరం దాన్నే చూశాం. గేటు తీశాక అక్క సంచి నా చేతికిచ్చి, పొద్దెక్కుతోంది పో, అని వెనక్కి తిరిగింది. నేను పట్టాలు దాటి చూస్తే అప్పటికే చాలా దూరం నడిచింది.

ఆ వారంలోనే ట్రంకుపెట్టె తీసుకొని తానే వెళ్ళింది. బండి కట్టించుకోలేదు, కావలి నుంచి బస్సెక్కింది. ఎట్లా జరిగిందో అమ్మకు చెబితే అమ్మ నాకు చెప్పింది. బావ వాకిట్లో పలుపు పేనుకుంటున్నాడట. తల ఎత్తి చూసి, బస్సు ఎన్నింటికి దొరికింది అని అడిగాడట. అక్క చెప్పిందట. ఆయన లేచి పెట్టె లోపల పెట్టాడట. ఇంత చిన్న ముగింపు రాయాలని నాకు ఎన్నడూ తట్టలేదు. లోపల మూల అత్తగారి మంచం నిలబెట్టి ఉందట. దాని గురించి అక్క అమ్మకు చెప్పింది అంతవరకే.

వాళ్ళిద్దరూ చివరిదాకా బాగానే కాపురం చేశారు. అక్క నన్ను ఏనాడూ నిలదీయలేదు, అత్తగారి మాట నా దగ్గర ఎత్తలేదు. చేలో మళ్ళీ పాడిందో లేదో అడగటానికి నాకు ముఖం చెల్లలేదు.

కొన్నాళ్ళకు మా అత్తగారు మెత్తబడ్డారు, మా ఆయన డ్రైవరయ్యారు, నేను నిజంగానే సినిమాలు చూశాను. పుట్టింటికి పోతే పంచలో మళ్ళీ చేటలు వేసేవాళ్ళు, వాళ్ళెవరికీ అసలు సంగతి తెలియదు. నేను చూసింది చూసినట్టు చెప్పేదాన్ని. చీర రంగు అడిగితే నలుపూ తెలుపూ అనేదాన్ని. పిల్ల చెప్పడంలో మునుపటి పస లేదని పెద్దమ్మ బాధపడేది.

అక్క కూడా పండక్కో పబ్బానికో వచ్చి ఉంటే అందరితో పాటు కూర్చునేది. కాయలు ఒలుస్తూ, నవ్వేచోట నవ్వుతూ, పాట వస్తే నాతో చిన్నగా గొంతు కలుపుతూ చక్కగా వినేది. కథ చివరికి వస్తుందనగా మాత్రం ఒళ్ళో పొట్టు దులుపుకొని లేచేది. గొడ్డుకు నీళ్ళు పెట్టాల అని పెరట్లోకి పోయేది. మేం ముగించాకే మళ్ళీ వచ్చి, ఏమైందని అడక్కుండా, చేట ముందు కూర్చునేది.